నియోబియం గదిలో చిటికెడు నత్రజని

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో మేము చదివినదాంట్లో తమ్ముళ్లకు చెప్పదగ్గది ఒకటుంది. కణాలను వేగవంతం చేసే కొన్ని యంత్రాల్లో నియోబియం లోహపు బోలు గదులుంటాయి. నియోబియం 9.2 కెల్విన్ దిగువన అతివాహకం. గదులను ద్రవ హీలియంలో 2 కెల్విన్‌కు చల్లబరుస్తారు. అయినా రేడియో తరంగాల వల్ల గోడలో కొంత వేడి పుడుతుంది. అంత చలిలో ఒక్క వాట్ వేడిని తోడాలంటే బయట వెయ్యి వాట్లకు దగ్గరగా కరెంటు కావాలి!

లోహం ఎంత శుద్ధమైతే అంత మేలని చాలాకాలం భావించారు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో అన్నా గ్రాసెలినో బృందం 2013లో వేరే దారి చూపింది. 800 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో కాస్త నత్రజని (మన యూరియాలో ఉండేదే) పట్టించి, పైపొరను కొన్ని మైక్రాన్లు తీసేస్తే వేడి సగానికి పైగా తగ్గింది. తరంగాలు చొచ్చుకెళ్లేది కొన్ని పదుల నానోమీటర్లే కదా! అయితే ఇలాంటి గదులు మరీ బలమైన క్షేత్రాన్ని తట్టుకోలేవు. కాలిఫోర్నియాలో 2023లో తొలి ఎక్స్‌కిరణాలిచ్చిన ఎల్‌సీఎల్‌ఎస్-2లో ఉన్నవి ఈ గదులే.