దొరకని గూళ్ల లెక్క

పూరీ గేట్,
ఖరగ్‌పూర్.

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

సాంత్రాగాచి స్టేషన్ పక్కన చెరువులో బాతుల గుంపు చూసి, "ఇన్నున్నాయంటే వీటికి లోటు లేనట్టేనా తాతయ్యా?" అని రాశావు. చలికాలంలో చెరువు నిండుగా ఉంటే బాతులు క్షేమంగా చేరాయని మాత్రమే అర్థం తల్లీ. జాతి పెరుగుతోందా, తరుగుతోందా అన్నది గూటి దగ్గర తేలుతుంది.

నువ్వు చూసినవి ఎక్కువగా శరాల్‌లు. ఈల వేసినట్టు కూస్తాయి. ఇవి మన దేశంలోనే వానాకాలంలో చెట్టు తొర్రల్లోనో, కొంగలూ కాకులూ వదిలేసిన గూళ్లలోనో, రెల్లులోనో గుడ్లు పెడతాయి. వాటి మధ్య అక్కడక్కడా కనిపించే సూదితోక బాతులు, గాడ్వాల్‌లు వలస పక్షులు. శీతాకాలంలో చిలికా సరస్సులో దిగేవాటిలో ఇవీ ఉంటాయి. గూడు కట్టేది మాత్రం ఉత్తరాన, మధ్య ఆసియా, సైబీరియాల వైపు, నేల మీద గడ్డిలో.

నేల మీది గూటికి శత్రువులెక్కువ. ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో మల్లార్డ్ బాతుల మీద ఈ సంగతి దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. ఆడబాతు రోజుకొకటి చొప్పున తొమ్మిదో పదో గుడ్లు పెట్టి, దాదాపు నాలుగు వారాలు పొదుగుతుంది. మొత్తం సుమారు 35 రోజులు. అన్నాళ్లూ ఆ గూడు నక్కల, రకూన్‌ల కంట పడకూడదు.

లెక్క తప్పేది ఇక్కడే. నీకు 20 గూళ్లు దొరికాయనుకో. 10 పాడైపోయి, 10 గూళ్లలో పిల్లలు బయటికొస్తే సగం గెలిచాయని రాసేస్తావు. కానీ గుడ్డు పెట్టిన రెండో రోజే నక్క తినేసిన గూడు నీకు దొరకనే లేదు కదా! దొరికినవి అప్పటికే కొన్నాళ్లు బతికి బట్టకట్టినవి. హౌరా లోకల్లో సాంత్రాగాచి దగ్గర ఉన్నవాళ్లను చూసి, ఖరగ్‌పూర్‌లో ఎక్కినవాళ్లు ఇంతమందే అనుకోవడం లాంటిదది.

దీనికి విరుగుడు 1961లో హెరాల్డ్ మేఫీల్డ్ అనే అమెరికన్ చెప్పారు. పక్షుల పరిశీలన ఆయనకు జీతమిచ్చే ఉద్యోగం కాదు, ఇష్టం. గూళ్లను కాదు, ఒక్కో గూటిని ఎన్ని రోజులు చూశామో ఆ రోజుల్ని లెక్కపెట్టమన్నారు. ఆ 20 గూళ్లనూ కలిపి 200 రోజులు చూశావనుకుందాం. 10 పోయాయి. అంటే రోజుకు 5 శాతం నష్టం, 95 శాతం నిలకడ. 0.95ని 35 సార్లు హెచ్చవేసి చూడు. సుమారు 17 శాతమే వస్తుంది. సగం అనుకున్నది ఆరో వంతుకు దిగిపోయింది! మల్లార్డ్‌ల సంఖ్య తరిగిపోకుండా ఉండాలంటే కనీసం 15 శాతం గూళ్లు గెలవాలని అక్కడివాళ్లు 1980లలో అంచనా కట్టారు. గీత ఎంత దగ్గరగా ఉందో చూశావా?

పిల్లలు బయటికొచ్చాక ఇంకో గండం. ఒకటి రెండు రోజుల్లోనే తల్లి వాటిని నీళ్లకు నడిపించుకు పోతుంది. మేత అవే వెతుక్కోవాలి, మొదట్లో ఎక్కువగా పురుగులే ఆహారం. ఒంటి వేడి నిలుపుకోలేని ఆ వయసులో చలివాన పడినా ప్రాణం మీదికొస్తుంది. చనిపోయే పిల్లల్లో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే పోతాయి. ఎగరడానికి రెండు నెలలు పడుతుంది. మల్లార్డ్‌ల సంఖ్యలో హెచ్చుతగ్గులకు కారణాలు వెతికిన ఒక పరిశోధన 2002లో వచ్చింది. అందులో గూడు గెలుపు వాటా 43 శాతం, పిల్లల బతుకు వాటా 14 శాతం. అందుకే గడ్డినీ, నీటి గుంటల్నీ కాపాడటం అన్నిటికంటే ముఖ్యం.

ఈ వానాకాలం మీ దగ్గరి చెరువు ఒక్కటి ఎంచుకో. శరాల్ గూడు కనబడితే దూరం నుంచే చూడు. నువ్వు దగ్గరికెళితే కాకి నిన్ను కనిపెట్టి గూడు పట్టేస్తుంది. మొదట చూసిన తేదీ, చివర చూసిన తేదీ, చివరికి ఏమైందీ రాసుకో. పిల్లలు నీళ్లలో దిగాక వారం వారం లెక్కపెట్టు. ఖాళీ అయిన గూటిని కూడా అంతే శ్రద్ధగా రాయి. పోయినవాటిని రాసుకోని లెక్క ఎంత పెద్దదైనా నమ్మదగింది కాదు.

ఇట్లు,
తాతయ్య