నవలను ఒకటి అడుగు, జీవితచరిత్రను ఇంకొకటి అడుగు

ధర్మపురి



బిడ్డా, నీ ఉత్తరం అందింది. ‘చిల్లర దేవుళ్లు’ చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదన్నావు. ఆ వెంటనే పట్టుకున్న ఒక జీవితచరిత్రను మాత్రం సగంలోనే ఆపేశానన్నావు. “నవల కల్పన, జీవితచరిత్ర నిజం అంటారు గదా తాతా, మరి నాకు కల్పనే నిజమని ఎందుకు అనిపించింది?” అని అడిగావు. మంచి ప్రశ్న. తొందరపడి ఒకదాన్ని ఎక్కువ చేసి, ఇంకొకదాన్ని తక్కువ చేయకు.

దాశరథి రంగాచార్య ఆ నవలను 1969లో తెచ్చాడు. అందులో దొర గడీ ఉంది, వెట్టి ఉంది, ఆడబాపలనే దాసీల బతుకు ఉంది. గడీలో ఆడబాపగా బతికిన మనిషికి అక్షరం అందలేదు. ఆమె ఆత్మకథ రాసుకోలేదు, ఆమె కోసం ఎవరూ కాగితాలు దాచలేదు. అలాంటి మనిషి గుండెలో ఏముందో చెప్పాలంటే నవలే దిక్కు. నీకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. ఇక రంగాచార్య స్వీయచరిత్ర ‘జీవనయానం’ చదువు. అదే నేల, అదే నిజాం కాలం. కాకపోతే ఇక్కడ మాట్లాడేది పాత్ర కాదు, తన మాటకు తానే పూచీపడే మనిషి. రెండూ చదివితే, కళ్లారా చూసిన బతుకు కథగా మారేటప్పుడు రచయిత దేన్ని పట్టుకున్నాడో, దేన్ని వదిలాడో నీకే తెలుస్తుంది.

ఇంకో జంట చెబుతాను. మన పాత కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు 1998లో ‘ది ఇన్‌సైడర్’ ప్రచురించాడు. తెలుగులో అది ‘లోపలి మనిషి’. తాను నడిచిన రాజకీయాన్నే ఆనంద్ అనే పాత్రకు, అఫ్రోజాబాద్ అనే రాష్ట్రానికి అప్పగించి నవలగా రాశాడు. 1971లో ముఖ్యమంత్రి అయిన మనిషికి భూసంస్కరణల దగ్గర సొంత పార్టీలోనే ఎంత ప్రతిఘటన ఎదురైందో, ఆ ఒంటరితనం ఎట్లుంటుందో ఆనంద్ మనసులోంచి మనకు తెలుస్తుంది. 2016లో వినయ్ సీతాపతి రాసిన పీవీ జీవితచరిత్ర ‘హాఫ్ లయన్’ వచ్చింది. ఆయన పీవీ సొంత కాగితాలు తిరగేశాడు, దగ్గరగా చూసినవాళ్లతో మాట్లాడాడు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకుని, వేలెత్తి చూపవలసిన చోట చూపాడు. మనిషి తన గురించి తాను చెప్పుకోలేనివి బయటివాడు చెప్పగలడు. బయటివాడికి అందనివి ఆ మనిషికే తెలుసు.

అందుకే రెండింటినీ ఒకే ప్రశ్న అడగొద్దు. నవల చదివేటప్పుడు “ఈ పాత్ర స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్ని?” అని అడుగు. ఈ పాత్ర ఫలానా ఆయనేనా అని ఆరా తీస్తూ కూర్చుంటే నవల చేజారిపోతుంది. జీవితచరిత్ర చదివేటప్పుడు “ఈ సంగతి రచయితకు ఎట్లా తెలిసింది? ఉత్తరంలో ఉందా, డైరీలో ఉందా, ఎవరైనా చెప్పారా? చెప్పినవాళ్లకు చరిత్రలోని మనిషంటే ప్రేమా, కోపమా?” అని అడుగు. ఆ ప్రశ్నతో మళ్లీ మొదలుపెడితే నువ్వు సగంలో ఆపేసిన పుస్తకం చివరిదాకా చదివిస్తుంది. పుస్తకం మూసిన రోజే నీకు తోచింది నోటుబుక్కులో రాసుకో. ముందుమాటలు, సమీక్షలు ఆ తర్వాతే చదువు. ముందే చదివితే వాళ్ల మాటే నీ మాట అనుకుంటావు.

జీవితచరిత్ర రాయాలంటే ఆధారాలు మిగలాలి. మన ధర్మపురి శేషప్ప కవినే చూడు. నరసింహ శతకం తెలుగువాళ్ల నోళ్లలో నిలిచింది. ఆయన ఎట్లా బతికాడో చెప్పే వివరాలు మాత్రం మనకు మిగిలినవి బహు కొద్ది. అంతటి కవికే అట్లయితే మామూలు మనుషుల సంగతి చెప్పాలా? అల్లం రాజయ్య ఈ పల్లెల రైతుకూలీల పోరాటాన్ని ‘కొలిమంటుకున్నది’ నవలగా రాశాడు. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్రలో నడిచినవాళ్లు ఇంకా మన ఊళ్లల్లో ఉన్నారు. వాళ్లలో ఎందరి బతుకు కాగితమెక్కింది?

కాబట్టి చదవడంతో ఆగకు. సెలవులకు కోరుట్ల పోయినప్పుడు మీ అమ్మమ్మ దగ్గర కూర్చో. బీడీలు చుట్టి పిల్లలను సాకిన మనిషి ఆమె. తునికాకు కత్తిరించడం ఎవరు నేర్పారో, కార్ఖానాలో లెక్క ఎట్లా చూసేవారో, మీ అమ్మవైపు తాత బొంబాయిలో ఉన్న ఏళ్లు ఇల్లు ఎట్లా గడిచిందో అడుగు. ఆమె చెప్పిన సంవత్సరాలను ఇంట్లో ఉన్న పాత కార్డులతో సరిచూసుకో. చెప్పలేక ఆగిపోయిన చోట గుచ్చి గుచ్చి అడగకు. అక్కడ ఏముండి ఉంటుందో నీ ఊహతో నింపి, దాన్ని ఆమె జీవితచరిత్ర అనకు. ఊహించే రాయాలనిపిస్తే పేర్లు మార్చి, కథ అని చెప్పి రాయి. ఏది రాసినా ముందు ఆమెకు చదివి వినిపించు. ఆమె సరేనన్న తర్వాతే ఇంకొకరికి చూపించు.

నీ తాత