ఒకే యంత్రము, రెండు పేరులు

ఒక యింటిలో ఇద్దరు సోదరులు కాపురముండిరనుకొనుడు. తపాలావాడు చిరునామాను బట్టి ఇల్లు కనుగొనును. ఉత్తరము ఎవరిదో తెలియుటకు పేరు చదువవలెను. వెబ్ సర్వరు సంగతియు నట్టిదే.

మొదటి కాలమున బ్రౌజరు పంపు కోరికలో పుట పేరే గాని సైటు పేరుండెడిది కాదు. కావున ప్రతి సైటునకును వేరు ఐ.పి. చిరునామా కావలసివచ్చెను. నాలుగవ తరపు చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. 1997లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నియమము ప్రతి కోరికలోను "హోస్ట్" అను పంక్తి తప్పక యుండవలెనని విధించెను. అందుచేత ఒక చిరునామాయందే పెక్కు సైటులు నివసింపగలుగుచున్నవి. వీనినే వర్చువల్ హోస్టులందురు.

డెబియన్ యంత్రముపై దీని నమర్చు క్రమమిది. ఆజ్ఞలను ఆంగ్లాక్షరములతో వ్రాయవలెను.

1. అపాచీ2ను స్థాపింపుడు.

2. వార్-డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు ఫోల్డరులో లైబ్రరీ, మార్క్స్ అను రెండు ఫోల్డరులు చేసి, ఒక్కొక్కదానిలో ఇండెక్స్ పుట నుంచుడు.

3. సైట్స్-అవైలబుల్ నందు ఒక్కొక్క సైటునకు ఒక్కొక్క ఫైలు వ్రాయుడు. 80వ పోర్టునకు వర్చువల్‌హోస్ట్ భాగము తెరచి, సర్వర్‌నేమ్ వద్ద పేరును (లైబ్రరీ.టెస్ట్, మార్క్స్.టెస్ట్), డాక్యుమెంట్‌రూట్ వద్ద ఫోల్డరును తెలుపుడు.

4. ఏ2ఎన్‌సైట్ ఆజ్ఞతో రెంటిని ప్రారంభించి, ఏ2డిస్‌సైట్‌తో డిఫాల్టు సైటును తొలగింపుడు.

5. హోస్ట్స్ ఫైలులో 127.0.0.1 ప్రక్కన రెండు పేరులును వ్రాయుడు.

6. కాన్ఫిగ్‌టెస్ట్ చేసి, "సింటాక్స్ ఓకే" అని వచ్చినపిమ్మట అపాచీని రీలోడ్ చేయుడు.

ఇక నా పొరపాటు వినుడు. ఒక సంవత్సరము మార్కుల సైటునకు సర్వర్‌నేమ్ వ్రాయుచు ఒక అక్షరము తప్పితిని. కాన్ఫిగ్‌టెస్ట్ అంతయు సరియనెను. నేను గ్రంథాలయపుటను మాత్రము తెరచి చూచి తృప్తినొందితిని. మరునాడు తల్లిదండ్రులు వచ్చి మార్కులు తెరువగా పుస్తకముల పట్టిక కనబడెను! ఏలయనగా, పేరు దేనితోను కలియనప్పుడు అపాచీ తాను మొదట చదివిన సైటునే చూపును. ఫైలుల పేరులు అక్షరక్రమమున చదువబడును గనుక లైబ్రరీయే మొదటిది. కూలి మానుకొని వచ్చిన యొక తల్లి నా మూలమున గంటసేపు నిలువవలసి వచ్చెను.

వ్యాకరణము సరియైనంత మాత్రమున వాక్యము సత్యము కానేరదు. కావున ఎన్ని పేరులు వ్రాసితిరో అన్నింటిని తెరచి చూచిన తరువాతనే పని ముగిసినదని చెప్పుడు.