టచ్‌ప్యాడ్ పైకి లేచిందా?

ఇంజనీరింగ్ చదివే కొడుకు ల్యాప్‌టాప్‌ను రోజంతా ఛార్జర్‌కు తగిలించి పరుపు మీదే వాడతాడనీ, ఇప్పుడు టచ్‌ప్యాడ్ పైకి లేచి నొక్కినా పనిచేయడం లేదనీ ఖమ్మం పాఠకురాలొకరు రాశారు.

నిజానికి ఉబ్బింది దాని కిందున్న లిథియం అయాన్ బ్యాటరీ అయి ఉంటుంది. లోపల రసాయనాలు చెడి వాయువు పుడితే అది పూరీలా పొంగుతుంది. వెంటనే ఛార్జర్ తీసి ల్యాప్‌టాప్‌ను ఆపేయాలి. అదిమి సర్దడం, సూదితో గుచ్చి గాలి తీయడం లాంటి సొంత వైద్యం చేస్తే మంటలు లేవవచ్చు. బ్యాటరీని మెకానిక్ చేతే మార్పించాలి. పాతది చెత్తబుట్టలోకి కాదు, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి వెళ్లాలి.

అబ్బాయిని తిట్టనక్కర్లేదు, అలవాటు మార్పిస్తే చాలు.

పరుపు ల్యాప్‌టాప్ అడుగునున్న గాలి రంధ్రాలను మూసేసి వేడి పెంచుతుంది. ఆ వేడికి ఎప్పుడూ 100 శాతం ఛార్జ్ తోడైతే బ్యాటరీకి తొందరగా ముసలితనం వస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటుంది. మంచం వదలనంటే, కింద పాత పరీక్ష అట్ట పెట్టుకున్నా గాలి ఆడుతుంది.