సమానోదకులు : గోదావరీ తీరమున దూరపూర్వుల స్మృతి

ధర్మపురి క్షేత్రమున గోదావరీ తీరమందు శ్రాద్ధము పెట్టు కర్తను పురోహితుడు మొదట గోత్రము అడుగును; పిదప తండ్రి, తాత, ముత్తాతల పేర్లు అడుగును. వసు రుద్రాదిత్య రూపులుగా ఆ మువ్వురే పిండములందుకొందురు. నాలవ తరమువాని పేరు ఎవరును అడుగరు. లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో యమధర్మరాజునకును ఆలయమున్న ఈ క్షేత్రమునకు పితృకర్మలకై వచ్చువారు అనేకులు. అయినను దూరపూర్వుడు ఇచట పేరు లేనివాడే. శాస్త్రము అతనిని మరువుమన్నదా?

మరువుమనలేదు. మనుస్మృతి తృతీయాధ్యాయము ముత్తాతకు పైవారిని లేపభాగులన్నది. పిండప్రదానానంతరము చేతికంటిన శేషమును దర్భలపై తుడుచుటయే వారి భాగము. పంచమాధ్యాయమున సాపిండ్యము ఏడవ పురుషునితో నివర్తించునని చెప్పి, సమానోదకభావమునకు మాత్రము వేరొక అవధి పెట్టినది: జన్మము, నామము తెలియకుండుటయే ఆ అవధి. ఇది మిక్కిలి గమనింపదగిన మాట. సాపిండ్యమును తరములతో లెక్కించిన స్మృతికారుడు ఉదకబంధమును తెలివితో కొలిచినాడు. తెలిసినంతకాలము చుట్టరికము, మరచిన నాడు అది తెగును. పదునాలుగు తరములని సంఖ్య చెప్పిన పక్షమును మితాక్షర యందు కలదు. ఇది తర్పణముతో ముగిసిన విషయము కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమునకు పూర్వము మితాక్షర ననుసరించు కుటుంబములలో సపిండులు లేనిచో ఆస్తి సమానోదకులకు చెందెడిది. పూర్వుని పేరు చెప్పలేనివాడు పొలము పోగొట్టుకొనెడివాడు!

దహనము చేయు కులములందు ఈ మరపు మరింత సులభము. అస్థులు గోదావరిలో కలిసిన పిదప చూపుటకు స్థలము మిగులదు. ఖననము అట్లు కాదు. ఋగ్వేదము దశమ మండలము పదునెనిమిదవ సూక్తమున, తల్లి బిడ్డను కొంగుతో కప్పినట్లు మృతుని కప్పుమని భూమిని వేడుకొనుట కలదు. తెలంగాణమున ఇనుపయుగపు సమాధులు రాతి వలయములతో నేటికిని కన్పట్టును. ఎలుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు అందు మృతుని జీవికను తెలుపును, పేరును తెలుపవు. జనులు వానిని రాక్షసి గుళ్ళందురు. పేరు పోయిన పూర్వుడు రాక్షసుడైనాడన్నమాట. ధర్మపురి చేరువనున్న కోటిలింగాలలో దొరికిన నాణెములు శాతవాహన సిముకుని పేరు నిలిపినవి; కాని నాణెము వేయించు భాగ్యము ఎందరికి?

పేరు నిలుపు వేరొక పద్ధతిని గోదావరికి ఉత్తరమున, ఆదిలాబాదు గోండులలో చూడగలము. మెస్రం వంశమువారు పుష్య అమావాస్యనాటి కేస్లాపూర్ నాగోబా పూజకై కాలినడకన పోయి, జన్నారం మండలము కలమడుగు వద్ద హస్తినమడుగునుండి గోదావరీ జలమును తెత్తురు. తిరిగి వచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల క్రింద విడిది చేయుదురు. తమ వంశమున గతించినవారికి తూమ్ పూజ చేయుదురు. అంతట మృతుడు పూర్వులలో చేరును. 22 కితలవారును ఒకచోట కూడుదురు గనుక, ఒక ఇంటి మృతుడు వంశమంతటికిని మృతుడగును. సమానోదకులను మాటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము నాకు తోచదు.

వంశగాథను కంఠస్థముగా నిలుపువారు ప్రధాన్లు. కిక్రి అను తంత్రీవాద్యమును వాయించుచు వీరు వంశమూలమును, దేవతల చరిత్రమును గానము చేయుదురు. మనయందు జ్ఞాపకము కర్త బాధ్యత. ముత్తాత పేరు తెలియనిచో పురోహితుడేమి చేయగలడు? గోండులందు అది వేరొక కులమునకు వృత్తిగా అప్పగింపబడినది. ఇందు లాభమును కలదు, అపాయమును కలదు. దాతలు కానుకలిచ్చినంతకాలము గాథ తరతరములు సాగును. ప్రధాను కొడుకు కిక్రి పట్టనినాడు వంశమంతయు ఒక్కసారిగా తన పూర్వులను కోల్పోవును.

ఈ గాథలను గ్రంథస్థము చేసినవారిలో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ముఖ్యుడు. ఆదిలాబాదు రాజగోండులపై ఆయన గ్రంథము 1948లో వెలువడినది. 1987లో మరణించిన ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఖననము చేయబడినది. ఆయన 1995లో లండనులో మరణింపగా, అస్థికలను 2012లో తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచిరి. గోత్రము లేని ఆ దంపతులకు గోండులు ఏటేట నివాళులర్పించుచున్నారు.

గ్రంథమున్నంతమాత్రమున గానము నిలువదు. ప్రధాన్ల పాఠములను గోండీ మాటలతోనే, తెలుగు లిపిలో, పాడువారున్నపుడే వ్రాసికొనుట ప్రాచ్య కళాశాలలు చేయదగిన పని. ధర్మపురి రేవులో పిండము పెట్టువారు నాలవ పేరును కూడ ఒక పుస్తకమున వ్రాసికొనుటకు ఏ విధియు అడ్డురాదు.