చదవలేదని చెప్పు, చాలు

హిందూపురం,
2025 ఏప్రిల్ 20

చి. బంగారుకి,

ఫోన్లో అక్షరాలు నాకు ఆనవు కదా, నీ మెయిలు మీ తమ్ముడు ప్రింటు తీసి ఇచ్చాడు. ఎండలు, మీ అమ్మ మోకాళ్ళు, దొడ్డి గోడ తగాదా, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి గురించి మళ్ళీ రాయను. నువ్వు చివర్లో నవ్వుతూ రాసి వదిలేసిన మాట ఒకటి నన్ను పట్టుకుంది. 'సోలెనాయిడ్' నవల అట్ట కూడా తిప్పకుండా, ఎక్కడో చదివిన సమీక్ష ఆసరాతో శనివారం మీ పుస్తకాల గుంపు కాఫీ దగ్గర పది నిమిషాలు మాట్లాడేశానని, ఎవరూ కనిపెట్టలేదని రాశావు. పైగా "నేను మూడ్ రీడర్ని పెద్దమ్మా, లిస్టు చేతిలో పెడితే చదవబుద్ధి కాదు, ఈ గుంపులోంచి తప్పుకుందామనుకుంటున్నా" అని ముక్తాయింపు.

ముందు మూడ్ సంగతి తేల్చేస్తాను, అది చిన్నది.

మూడ్‌ని బట్టి చదవడం నేరమేమీ కాదు. నా ఉద్యోగమంతా అలాంటివాళ్ళతోనే గడిచింది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయం మేడ మీద ఉండేది. పోలియో వచ్చిన ఒక టైలరు సాయంత్రం కింద అరుగు మీద కూర్చుని కేకేసేవాడు. రచయిత పేరు గానీ, పుస్తకం పేరు గానీ ఎన్నడూ అడిగి ఎరగడు. "మేడమ్, ఈ వారం నవ్వొచ్చేది పంపండి" అనేవాడు. ఇంకో వారం "ఏడుపున్నా ఫర్వాలేదు, పొడుగ్గా ఉండాలి" అనేవాడు. నవ్వు కావాలంటే మునిమాణిక్యం, ఏడుపు కావాలంటే శరత్ అనువాదాలు అటెండరు చేత పంపేదాన్ని. రంగనాథన్ గారు 1931లో పుస్తకంగా వేసిన అయిదు గ్రంథాలయ సూత్రాలు మాకు ట్రైనింగులో బట్టీ పట్టించారు. ప్రతి చదువరికీ ఓ పుస్తకం ఉందని, ప్రతి పుస్తకానికీ ఓ చదువరి ఉన్నాడని అందులో రెండు. ఫలానా తేదీలోగా ముగించి తీరాలని ఎక్కడా లేదు. గడువు తేదీ ముద్ర మేం వేసుకున్నదే.

నువ్వు 'హంచ్‌బ్యాక్' గురించి రాసినప్పుడు ఆ టైలరే గుర్తొచ్చాడు. కండరాల జబ్బుతో చక్రాల కుర్చీలో ఉండి సావో ఇచికావా రాసిన నవల అది, 2023లో జపాన్‌లో అకుతాగవా బహుమతి వచ్చింది. కాగితం పుస్తకం ఎత్తి పట్టుకోవడం, పేజీ తిప్పడం, దుకాణానికి నడిచి వెళ్ళి కొనుక్కోవడం, ఇవన్నీ ఒక దర్జా అనీ, ఆ దర్జా ఉన్నవాళ్ళకి ఆ సంగతే తెలియదనీ అందులో నాయిక మండిపడుతుందట కదా. ఆ మేడ మెట్లు కట్టించిన మహానుభావులకి వినిపించాలి ఆ మాట. సరే, దారి తప్పుతున్నాను.

ఇంటర్నేషనల్ బుకర్ వాళ్ళు ఫిబ్రవరి 25న పదమూడు అనువాద పుస్తకాలు ప్రకటించారు, ఏప్రిల్ 8న వాటిని ఆరు చేశారు. మధ్యలో ఉన్నవి ఆరు వారాలు. ఈలోగా అయిదుగురు ఉద్యోగస్తులు పదమూడూ పూర్తి చెయ్యాలని మీరు వేసుకున్న టైంటేబుల్ చూసి నవ్వొచ్చింది. జడ్జీలు 154 పుస్తకాల్లోంచి ఏరారంటే అది వాళ్ళు ఒప్పుకున్న పని. మీకెవరు అప్పజెప్పారు?

అయినా జాబితా అంటే నాకు గౌరవమే. మనంతట మనం ఎన్నటికీ వెతుక్కోని పుస్తకం చేతికొస్తుంది. సురినామ్ గురించి, రీయూనియన్ దీవి గురించి నువ్వెప్పుడు చదివావు, నేనెప్పుడు చదివాను? వట్టి మూడ్‌నే నమ్ముకుంటే అది మనల్ని ఎప్పుడూ ఎరిగిన వీధుల్లోనే తిప్పుతుంది. ప్రతిరోజూ నవంబరు 18గానే తెల్లవారే ఆవిడ కథ, డెన్మార్క్ రచయిత్రి సోల్వై బల్లె రాసింది, మార్చిలో దాన్ని పక్కన పెట్టేశావు. "ఆఫీసులో నాకు రోజూ అదే రోజు, మళ్ళీ పుస్తకంలోనూ ఎందుకు" అన్నావు. తీరా మీ గుంపులోని మలయాళీ స్నేహితురాలు ఫోన్లో రెండు పేజీలు చదివి వినిపిస్తే ఆ రాత్రే పూర్తి చేశావు. ఆ మూడ్ నీకు తెప్పించింది ఆ పిల్ల. గుంపు వదలొద్దంటున్నది అందుకే.

ఇక అసలు సంగతి.

పాలు పొంగబెట్టి పిల్లి తాగిందని చెప్పు, మీ మేనేజరుకి జ్వరమని చెప్పు, నేనేమీ అనను. చదవని పుస్తకం చదివానని మాత్రం చెప్పకు. లైబ్రేరియన్ దగ్గర ఈ అబద్ధం చెల్లదు, పుస్తకమే బయటపెట్టేస్తుంది. సినారె గారికి 'విశ్వంభర' మీద 1988 జ్ఞానపీఠం వచ్చిందనగానే మా దగ్గరున్న ఒక్క కాపీకి వరస కట్టారు. ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తా, ఇద్దరు లెక్చరర్లు, ఓ చిన్న నాయకుడు. నలుగురి చేతులూ తిరిగి వచ్చాక తెరిచి చూశాను. మొదటి పది పదిహేను పేజీల అంచులు వేళ్ళ మాపుతో మెత్తబడి ఉన్నాయి, ఒక చోట ఉగ్గాని తిన్న వేలి పసుపు మరక ఉంది. అక్కణ్ణుంచి చివరిదాకా ప్రెస్సులోంచి వచ్చినట్టే ఉంది. ఆ నలుగురూ పెళ్ళిళ్ళలోనూ సంతాప సభల్లోనూ దాని గురించి ధారాళంగా మాట్లాడారు.

మీ అమ్మకి కూడా తెలియని సంగతి ఒకటి చెబుతాను. నాకు వచ్చిన మొదటి సంబంధంలో పెళ్ళికొడుకు సాహిత్యాభిమాని అన్నారు. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు అందిస్తూ శ్రీశ్రీ 'మహాప్రస్థానం' చదివారా అని అడిగాను. "భలే నవల, ముగింపే కాస్త విషాదం" అన్నాడు. జాతకాలు కుదరలేదని మా నాన్న వాళ్ళకి కబురు పంపించారు. ఏ జాతకమో నాకూ నాన్నకూ మాత్రమే తెలుసు.

ఇది చిన్న విషయమని నువ్వు అనుకుంటావు. ఫైలు చదవకుండా సంతకం పెట్టే ఆఫీసరు, బిల్లు చదవకుండా చెయ్యెత్తే సభ్యుడు, రిపోర్టు చదవకుండా మందు రాసే డాక్టరు, వీళ్ళందరూ ఇలా కాఫీల దగ్గర మొదలైనవాళ్ళే. మన దొడ్డి గోడ సంగతే చూడు. మీ మామయ్య ఆ గోడ కాగితం చదివానన్నాడు! చదివి ఉంటే ఇవాళ మనకి వాయిదాలు ఉండేవా? నువ్వు నవ్వుతున్నావని తెలుసు. నవ్వు తల్లీ, నువ్వు నవ్వితే నాకు చాలు. కానీ విను.

ఆ పది నిమిషాల్లో నువ్వు పోగొట్టుకున్నదేమిటో ఆలోచించావా? ఆరువందల పేజీల పైచిలుకు 'సోలెనాయిడ్' నవలని మీలో నిజంగా చదివింది ఆ పోలండ్ అమ్మాయి ఒక్కతే. "నేను చదవలేదు, ఎలా ఉంది?" అని అడిగి ఉంటే బుకారెస్టులో ఆ స్కూలు మాష్టారి గోడంతా ఆమె నీకు చెప్పి ఉండేది. నువ్వు సమీక్ష అప్పజెప్పావు, ఆమె తలూపి ఊరుకుంది. అన్ని పేజీలు చదివిన పిల్లకి ఆ మధ్యాహ్నం మాట్లాడుకోవడానికి మనిషి దొరకలేదు.

అనంతపురం హాస్టల్లో మాకు 'వేయిపడగలు' కుట్టు ఊడిపోయిన కాపీ ఒకటి దొరికింది. నలుగురం ఫారాలు ఫారాలుగా పంచుకున్నాం. ఒకర్తి మధ్యలోంచి, ఒకర్తి చివర్నుంచి, ఎవరికి ఏది చిక్కితే అది. రాత్రి మెస్సులో ఎవరు ఎంతదాకా వచ్చారో చెప్పాకే కంచం ముట్టుకోవాలని నియమం. ఒక అమ్మాయి నెలంతా మూడో ఫారం దగ్గరే ఉండిపోయింది. రోజూ వచ్చి "మూడు" అనేది, తినేది. ఎవరం ఒక్క మాట అనలేదు. మిగతా కథంతా మా నోట వింది, మాకంటే మంచి ప్రశ్నలు అడిగింది. ఇప్పుడు గుంతకల్లులో మనవలతో ఉంది, ఫోన్ చేస్తే ఇప్పటికీ "మూడు" అంటూనే ఎత్తుతుంది. మీరూ అదే పెట్టుకోండి. కూర్చోగానే ఎవరు ఏ పేజీ దాకా వచ్చారో చెప్పండి. సున్నా అయినా సరే.

ఇంకో మాట, ఇది మెల్లగా చెబుతున్నాను. 'ఎ లెపర్డ్-స్కిన్ హ్యాట్' కొన్ని పేజీలకే ఆపేశానని రాశావు, ఎందుకో రాయలేదు. మనసుకి జబ్బు చేసిన చిన్ననాటి స్నేహితురాలిని పక్కనుండి చూస్తూ, ఏమీ చెయ్యలేకపోయిన మనిషి కథ అది. రచయిత్రి ఆన్ సెర్ తన చెల్లెలు పోయాక రాసిందట. నువ్వెందుకు మూసేశావో నేను అడగను. మన ఇంట్లో ఎవరం ఎత్తని పేరును నువ్వు పరాయి ఊళ్ళో కాఫీ బల్ల దగ్గర ఎత్తక్కర్లేదు. "ఇప్పుడు కాదు" అంటే చాలు, అదీ నిజమే. మూడ్ అని నువ్వు తీసిపారేసేది ఒక్కోసారి మనసు తీసుకునే జాగ్రత్త. అన్నం వేళకి తింటున్నావా? కరివేపాకు పొడి, పప్పుల పొడి మీ అమ్మ కట్టి పంపింది. ఉత్త బ్రెడ్డుతో కాలం గడపకు.

ఇప్పుడు మిగిలినవి ఆరు. మే 20న తేలుతుంది. నా మాట విని 'హార్ట్ ల్యాంప్' ముందు తీసుకో. 1990 నుంచి 2023 దాకా రాసిన కన్నడ కథల్లోంచి ఏరిన పన్నెండు. ఒక్కోటి ఒక్కో పూట చదువుకోవచ్చు, నీలాంటి మూడ్ మనిషికి అంతకంటే ఏం కావాలి? వాటిని రాసిన బాను ముష్తాక్ హాసన్‌లో వకీలు. ఆమె కథ మీద గిరీష్ కాసరవల్లి 2004లో 'హసీనా' సినిమా తీశాడు. బిడ్డలతో మసీదు ముందు కూర్చుని న్యాయం అడిగే ఆవిడని చూసి, ఈ మనిషి మన బస్టాండులో కూడా ఉంది కదా అనుకున్నాను. ఆ మూలకథ 'బ్లాక్ కోబ్రాస్' పేరుతో ఈ పుస్తకంలోనే ఉంది. గెలిస్తే యాభై వేల పౌండ్లు రాసినావిడకీ, ఇంగ్లీషు చేసిన దీపా భాస్తికీ చెరిసగం. కన్నడానికి ఈ 2025 ఏప్రిల్ దాకా ఈ బహుమతి రాలేదు. ఇక్కడ సగం ఊరికి కన్నడం వచ్చు, మేమంతా కాచుకుని ఉన్నాం. రాకపోయినా ఆ కథలు ఎక్కడికీ పోవు. మే 21న కూడా చదువుకోవచ్చు, వచ్చే ఏడాదీ చదువుకోవచ్చు.

వచ్చే శనివారం తప్పకుండా వెళ్ళు. కాఫీ రాకముందే ఆ పోలండ్ అమ్మాయితో "సోలెనాయిడ్ నేను చదవలేదు, ఆవేళ చెప్పిందంతా సమీక్షలోది, నువ్వు చెప్పు" అని అడుగు. ఆ తర్వాత ఎప్పుడు ఏది చదువుతావో, ఎక్కడ ఆపేస్తావో నీ ఇష్టం, పెద్దమ్మ అడ్డురాదు. ఈ ఒక్క మాట మాత్రం నా కోసం చెప్పు.

ఇట్లు
మీ పెద్దమ్మ