బడి మెట్ల మీద జారిన కాలు: యూఏఈలోని తెలుగు టీచర్లు తరచూ అడిగే ప్రశ్నలు

టీచరు ఉద్యోగమంటే రోజుకు ఆరేడు గంటలు కాళ్ల మీద ఉండే పని. దుబాయ్, షార్జా, అబుదాబి బడుల్లో పనిచేసే మనవాళ్లు కలిస్తే జీతాల తర్వాత మాట్లాడుకునేది మడమలు, మోకాళ్లు, నడుముల గురించే. కింద చెప్పేవి ప్రైవేటు బడులకు వర్తించే 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ కార్మిక చట్టంలోనివి. ఇది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ బడుల నిబంధనలు వేరు.

బడి మెట్ల మీద జారి మోకాలు బెణికింది. అదే తగ్గుతుందిలే అని ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలైనా తగ్గలేదు. ఇప్పుడేం చేయాలి?

ఎప్పుడు, ఎక్కడ, ఎలా పడ్డారో, ఎవరు చూశారో ఈరోజే హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి. డాక్టరు దగ్గర కూడా "మోకాలు నొప్పి" అని ఊరుకోకుండా, బడిలో పడ్డాక మొదలైందని చెప్పి చీటీలో రాయించుకోండి.

నేనూ ఈ తప్పే చేశాను. స్పోర్ట్స్ డే రోజు చీలమండ మడతపడింది. జండూబామ్ రాసుకుని మర్నాడు క్లాసుకెళ్లాను. నాలుగు నెలల తర్వాత ఎంఆర్‌ఐలో లిగమెంట్ చిరిగిందని తేలింది. అప్పుడు "బడిలోనే తగిలిందని రుజువేది?" అన్నారు. నా దగ్గర జండూబామ్ సీసా తప్ప ఏమీ లేదు.

బడిలో తగిలిందా, ఇంట్లో తగిలిందా అన్నదానికి అంత పట్టింపు ఎందుకు?

డబ్బు లెక్క అక్కడే మారిపోతుంది. మామూలు జబ్బుకైతే ప్రొబేషన్ దాటాక ఏడాదికి 90 రోజుల సిక్ లీవ్ ఉంటుంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులకు జీతం ఉండదు. పనిలో తగిలిన దెబ్బ అని తేలితే వైద్యం ఖర్చు యజమానే భరించాలి. కోలుకునేదాకా పూర్తి జీతం ఇవ్వాలి, గరిష్ఠంగా ఆరు నెలలు. అప్పటికీ తగ్గకపోతే మరో ఆరు నెలల వరకు సగం జీతం.

నెలకు 6,000 దిర్హాంలు వచ్చే టీచరమ్మ మూడు నెలలు మంచం పట్టిందనుకుందాం. మామూలు సిక్ లీవ్‌లో ఆమె చేతికొచ్చేది 3,000, ఇంకో 3,000. మొత్తం 6,000. అదే పనిలో తగిలిన దెబ్బగా నమోదైతే 18,000. ఈ తేడా అంతా పడిన రోజు రాసిన ఒక్క కాగితం మీద ఆధారపడుతుంది.

బడికి వెళ్తూ బస్సు దిగుతుండగా పడ్డాను. అది పనిలో దెబ్బేనా?

అవును. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి మామూలు దారిలో, మధ్యలో వేరే పని మీద ఎక్కడికీ మళ్లకుండా వెళ్తుండగా జరిగిన ప్రమాదాన్నీ చట్టం పనిలో ప్రమాదంగానే చూస్తుంది. దారిలో కూరగాయల కోసం లులూలో దిగి అక్కడ పడితే మాత్రం వాదన బలహీనపడుతుంది.

నొప్పి వారానికోసారి తిరగబెడుతుంది. ఒక్కో రోజు చొప్పున సెలవు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. 90 రోజులూ ఒకేసారి వాడుకోవాలని లేదు, విడివిడిగానూ వాడుకోవచ్చు. కానీ ఈ లెక్క ఒక్కో జబ్బుకు వేరుగా ఉండదు, ఏడాది మొత్తానికి ఒకటే. ఆగస్టులో జ్వరానికి వాడిన నాలుగు రోజులు ఫిబ్రవరిలో మోకాలి సెలవుకు తగ్గిపోతాయి. పూర్తి జీతమిచ్చే ఆ మొదటి 15 రోజుల్ని పండుగ ముందు తలనొప్పికి వృథా చేసుకోకండి. జబ్బు చేసిన మూడు పనిదినాల్లోపు మెడికల్ రిపోర్టుతో యజమానికి తెలపాలి.

ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.

జీతంతో సిక్ లీవ్ రాదు. డాక్టరు రిపోర్టు చూపిస్తే, యజమాని ఒప్పుకుంటే జీతం లేని సెలవు దొరుకుతుంది. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ కాలంలో 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పి ఉద్యోగంలోంచి తీసేయవచ్చు.

కూర్చుని పాఠం చెప్పనివ్వమని, పై అంతస్తు క్లాసులు తప్పించమని అడగవచ్చా?

తప్పకుండా అడగండి. అయితే హక్కుల పుస్తకం చేత్తో పట్టుకుని కాకుండా, డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని వెళ్లండి. "ఆరు వారాలు మెట్లు ఎక్కకూడదు, గంటకు మించి నిలబడకూడదు" అని తేదీలతో రాసి ఉంటే టైమ్‌టేబుల్ వేసే సూపర్‌వైజర్‌కూ పని తేలికవుతుంది. నోటిమాటగా అడిగితే ఇంటర్వెల్ డ్యూటీ మళ్లీ మీ నెత్తినే పడుతుంది. ప్రిన్సిపాల్ సరేనన్నాక "మీరు చెప్పినట్టే" అంటూ ఒక ఈమెయిల్ పెట్టేయండి.

ఊరికొచ్చి పుత్తూరు కట్టు కట్టించుకుందామనుకుంటున్నాను.

కట్టు మీ ఇష్టం. కానీ ఆ కట్టు కట్టినవాళ్లిచ్చే కాగితాన్ని అక్కడి హెచ్‌ఆర్ సిక్ లీవ్‌కు ఒప్పుకోదు. ఇండియాలో ఆస్పత్రి రిపోర్టు తీసుకున్నా సాధారణంగా ధ్రువీకరణ ముద్రలు అడుగుతారు. టికెట్ కొనకముందే ఏ ముద్రలు కావాలో రాతలో అడిగి తెలుసుకోండి.

సిక్ లీవ్‌లో ఉండగానే టెర్మినేషన్ లెటర్ ఇస్తామంటున్నారు.

మీకున్న సిక్ లీవ్ అయిపోకముందే జబ్బు సాకుతో తీసేయకూడదు. 90 రోజులూ వాడుకున్నాక కూడా పనిలోకి రాలేకపోతే మాత్రం, రావాల్సినవన్నీ లెక్కకట్టి ఇచ్చి తీసేయవచ్చు. "రాజీనామా మీరే రాసివ్వండి, మీకే మంచిది" అంటే ఆ రోజు మాత్రం సంతకం పెట్టకండి.

కార్మిక శాఖకు ఫిర్యాదును యాప్‌లో గానీ, 80084కు ఫోన్ చేసి గానీ ఇవ్వవచ్చు. 50,000 దిర్హాంల లోపు తగాదాల్లో ఆ శాఖే తీర్పు చెప్పగలదు. 2024లో వచ్చిన సవరణ ప్రకారం ఉద్యోగం ముగిసిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. సరైన ఫిర్యాదు చేశారన్న కోపంతో తీసేశారని కోర్టులో తేలితే మూడు నెలల జీతం వరకు పరిహారం ఇప్పిస్తారు.

ప్రవాసీ భారతీయ బీమా వస్తుందా?

చాలామంది టీచర్లకు రాదు. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన పథకమది. డిగ్రీ చదివిన టీచరు సాధారణంగా ఆ కోవలోకి రారు.

ఇక నావల్ల కాదు. రాజీనామా చేస్తే గ్రాట్యుటీ పోతుందా?

పోదు. ఏడాది సర్వీసు నిండితే చాలు, రాజీనామా చేసినా పూర్తిగా వస్తుంది. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. బేసిక్ 3,000 ఉన్న టీచరుకు నాలుగేళ్లకు 8,400 దిర్హాంలు. జీతం లేకుండా సెలవులో ఉన్న రోజుల్ని సర్వీసులోంచి తీసేస్తారు కాబట్టి మీ సెలవుల చిట్టా మీ దగ్గరే పెట్టుకుని, వాళ్ల లెక్కతో పోల్చుకోండి. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో "నాకు రావాల్సినదేమీ లేదు" అన్న వాక్యం ఉంటుంది. మీ దెబ్బ ఇంకా మానకపోతే, సంతకానికి ముందు ఆ వాక్యాన్ని అరబ్బీ చదవడం వచ్చినవాళ్లకు చూపించండి. రెండు భాషల్లో తేడా వస్తే చెల్లేది అరబ్బీలో ఉన్నదే.